వైరస్‌ని సైలెంట్ చేసే 21 అక్షరాలు: ఆర్‌ఎన్‌ఏ మందు మన రొయ్యల చెరువుకి, మన లివర్‌కి ఎంత దూరంలో ఉంది?

 

ఈ వారం ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. రెండు మెసేజ్‌లు వచ్చాయి, వాటి వల్ల చేస్తున్నాను.

మొదటిది భీమవరం వైపు నుంచి. ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు పంపాడు. వాళ్ల నాన్నగారు రొయ్యల చెరువు చేస్తారు. "అన్నా, పోయిన పంట వైట్ స్పాట్‌కి పోయింది. ఇప్పుడు ఒకాయన మేతలో కలిపే ప్యాకెట్ తెచ్చాడు. ఆర్‌ఎన్‌ఏ టెక్నాలజీ అంట, వైరస్‌ని లోపలే ఆపేస్తుందంట. నాన్న అప్పు చేసైనా కొందామంటున్నారు. నిజంగా పనిచేస్తుందా?"

రెండోది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి నుంచి. రక్తదాన శిబిరంలో రక్తం ఇస్తే, కొన్ని రోజులకి ఫోన్ చేసి హెపటైటిస్ బి పాజిటివ్ అని చెప్పారట. డాక్టర్ టెస్టులన్నీ చేసి మాత్రలు మొదలుపెట్టారు. "అన్నా, వైరస్ జీన్స్‌ని సైలెంట్ చేసే ఇంజెక్షన్ వచ్చిందని చదివాను. ఈ మాత్రలు ఏళ్ల తరబడి మింగే బదులు, ఆపేసి దాని కోసం ఆగొచ్చా?"

ఒకరిది చెరువు, ఒకరిది లివర్. కానీ రెండు ప్రశ్నల వెనకా ఉన్న సైన్స్ ఒక్కటే. దాని పేరు ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్. షార్ట్‌గా ఆర్‌ఎన్‌ఏఐ అంటారు.

చివరిదాకా చూడమని సస్పెన్స్‌లో పెట్టను, జవాబు ముందే చెప్పేస్తాను. ఆ సైన్స్ నిజం, దానికి నోబెల్ కూడా వచ్చింది. అయినా తమ్ముడూ, ఆ ప్యాకెట్ కోసం అప్పు చేయొద్దు. చెల్లీ, ఆ మాత్రలు ఆపొద్దు. సైన్స్ నిజమైతే మరి ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఈ ఎపిసోడ్. నేను డాక్టర్‌ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. కాబట్టి ఇది వైద్య సలహా కాదు. విషయం ఎలా పనిచేస్తుందో చెప్తాను, నిర్ణయం మీ డాక్టర్‌తో మాట్లాడి తీసుకోండి.

ముందు బేసిక్స్.

మీ ఇంట్లో అమ్మమ్మ రాసిన వంటల నోట్‌బుక్ ఒకటి ఉందనుకోండి. బీరువాలో భద్రంగా ఉంటుంది, బయటికి తీయరు. గోంగూర పచ్చడి చేయాలంటే ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి వంటగదిలోకి పంపుతారు. వంటగదిలో ఉన్నవాళ్లు ఆ ఫోటో చూసి పచ్చడి చేస్తారు.

మన కణంలో కూడా ఇంతే. బీరువాలో ఉన్న నోట్‌బుక్ డీఎన్‌ఏ. ఫోటో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. పచ్చడి ప్రొటీన్. వైరస్ ఏం చేస్తుందంటే, మన వంటగదిలో దూరి తన ఫోటోలు అక్కడ పెడుతుంది. మన పొయ్యి, మన గ్యాస్, మన సరుకులు. తయారయ్యేది మాత్రం వాడి వంట. వైరస్‌కి సొంత వంటగది లేదు, అదే దాని బలహీనత కూడా.

ఇప్పుడు ఐడియా ఏంటంటే, వంటగదిలోకి వచ్చిన ఆ ఫోటోలని డిలీట్ చేస్తే సరి కదా? ఫోటో లేకపోతే వంట లేదు. ఆర్‌ఎన్‌ఏఐ చేసేది సరిగ్గా ఇదే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డిలీట్ అయ్యేది ఫోటో మాత్రమే, నోట్‌బుక్ కాదు. లివర్ దగ్గరికి వచ్చేసరికి ఈ మాటతో చాలా పని పడుతుంది.

దీన్ని కనిపెట్టిన కథ పూలతో మొదలైంది. 1990లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు పెట్యూనియా మొక్కలతో పని చేస్తున్నారు. పూల ఊదారంగు ఇంకా చిక్కగా రావాలని, రంగు తయారుచేసే జీన్‌ని అదనంగా ఒక కాపీ పెట్టారు. లాజిక్ సింపుల్: జీన్ డబుల్ అయితే రంగు డబుల్ అవ్వాలి. తీరా చూస్తే కొన్ని మొక్కలకి తెల్ల పూలు పూశాయి! కొన్నిటికి సగం తెలుపు, సగం ఊదా. అదనంగా పెట్టిన జీన్ పనిచేయకపోగా, మొక్కలో ముందు నుంచి ఉన్న జీన్ కూడా మూగబోయింది. ఎందుకో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు.

జవాబు 1998లో దొరికింది. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే ఇద్దరు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగుల మీద ప్రయోగం చేశారు. ఒక జీన్‌కి సరిపోయే ఆర్‌ఎన్‌ఏని ఒంటి పోగుగా ఇస్తే పెద్దగా ఏమీ జరగలేదు. రెండు పోగులు జడలా కలిసిన డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ ఇస్తే మాత్రం ఆ జీన్ దాదాపు పూర్తిగా ఆగిపోయింది, అదీ చాలా కొంచెం ఇస్తేనే. ఆ జీన్ పాడైన పురుగులు ఎలా వణుకుతాయో ఇవీ అలాగే వణికాయి. 8 ఏళ్లకే, అంటే 2006లో, ఇద్దరికీ వైద్యంలో నోబెల్ వచ్చింది.

మరి లోపల ఏం జరుగుతోంది? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

కణంలో డైసర్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే దాన్ని సుమారు 21 నుంచి 23 అక్షరాల ముక్కలుగా తరిగేస్తుంది. వంటగదిలో బెండకాయలు తరిగినట్టు, అన్నీ ఒకే సైజు. ఈ చిన్న ముక్క పేరు ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ. తర్వాత రిస్క్ అనే ప్రొటీన్ల గుంపు ఆ ముక్కని తీసుకుని, రెండు పోగుల్లో ఒకటి పారేసి, ఒకటి దగ్గర ఉంచుకుంటుంది. ఆ పోగే దానికి సెర్చ్ పదం. కణంలో తిరిగే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏల్లో ఆ పదానికి జోడీ ఎక్కడుందో వెతుకుతుంది. దొరికితే కట్ చేస్తుంది, వదిలేసి ఇంకోదాని మీదకి వెళ్తుంది. ఒక్క రిస్క్ ఇలా చాలా కాపీలని కోయగలదు.

కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. కంట్రోల్ ఎఫ్ కొట్టి, దొరికిన ప్రతి లైన్‌నీ డిలీట్ చేయడమే.

21 అక్షరాలు సరిపోతాయా అంటే, ఆర్‌ఎన్‌ఏలో 4 రకాల అక్షరాలు. 21 అక్షరాల పదాలు ఎన్ని రాయొచ్చో లెక్కేస్తే దాదాపు 4.4 లక్షల కోట్లు వస్తుంది. మన డీఎన్‌ఏ మొత్తం సుమారు 300 కోట్ల అక్షరాలు. అంటే వైరస్‌లో ఉండి మనలో లేని 21 అక్షరాల పదాన్ని ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. పేపర్ మీద ఇది డ్రీమ్ మందు. వైరస్ సీక్వెన్స్ తెలిస్తే చాలు, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మందు డిజైన్ చేయొచ్చు.

కానీ ఒక చిన్న మెలిక. రిస్క్ ముందుగా చూసేది మొత్తం 21 అక్షరాలని కాదు, అందులో 2 నుంచి 8 దాకా ఉన్న 7 అక్షరాలని. 7 అక్షరాల పదాలు 16,384 మాత్రమే. అంటే మనకి కావలసిన మన సొంత జీన్స్‌లో కూడా అవి తగలొచ్చు, వాటి పని కొంత తగ్గిపోవచ్చు. ఆఫ్ టార్గెట్ ఎఫెక్ట్ అంటారు. అందుకే డిజైన్ చేశాక ల్యాబ్‌లో చాలా వడపోత ఉంటుంది.

ఇంకో ప్రశ్న. కణంలో ఈ సిస్టమ్ అసలు ఎందుకుంది? మన మందుల కోసం కాదు కదా. మొక్కల్లో, కీటకాల్లో ఇదే వైరస్‌ల మీద ప్రధానమైన ఆయుధం. చాలా వైరస్‌లు తమ కాపీలు తీసుకునేటప్పుడు డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అది కనిపించిందంటే దొంగ దొరికినట్టే. డైసర్ తరగడం మొదలుపెడుతుంది. వైరస్‌లు మాత్రం ఊరుకుంటాయా? చాలా మొక్కల వైరస్‌లు ఈ సిస్టమ్‌నే జామ్ చేసే ప్రొటీన్లు తయారుచేసుకున్నాయి. ఈ కొట్లాట కోట్ల ఏళ్ల నుంచి నడుస్తోంది. మనం మధ్యలో వచ్చాం.

ఇప్పుడు తమ్ముడి చెరువు దగ్గరికి వద్దాం.

వైట్ స్పాట్ వైరస్ 1990ల మొదట్లో తూర్పు ఆసియాలో బయటపడి, కొన్నేళ్లలోనే మన తీరానికి వచ్చింది. చెరువులోకి వస్తే 3 నుంచి 10 రోజుల్లో దాదాపు మొత్తం రొయ్య పోవచ్చు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. కాబట్టి ఈ దెబ్బ ఎలా ఉంటుందో గోదావరి జిల్లాలకీ నెల్లూరుకీ నేను చెప్పక్కర్లేదు.

మనకి జబ్బు వస్తే శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది, వ్యాక్సిన్ కూడా దాని మీదే ఆధారపడుతుంది. రొయ్యకి యాంటీబాడీలు లేవు. కాబట్టి మనం వేసుకునే లాంటి వ్యాక్సిన్ రొయ్యకి కుదరదు. కానీ రొయ్యకి డైసర్ ఉంది, రిస్క్ ఉంది. అంటే ఆర్‌ఎన్‌ఏఐకి కావలసిన మెషిన్ రెడీగా ఉంది. ఇది చూసి చాలా ల్యాబ్‌లు పని మొదలుపెట్టాయి. వైట్ స్పాట్ వైరస్ పై పొరలో వీపీ28 అనే ప్రొటీన్ ఉంటుంది. దాని జీన్‌కి సరిపోయే డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏని రొయ్యలకి ఇంజెక్ట్ చేసి, తర్వాత వైరస్ ఎక్కిస్తే చాలా రొయ్యలు బతికాయి. వేర్వేరు దేశాల్లో మళ్లీ మళ్లీ తేలిన ఫలితం ఇది. మన పక్కనే, తమిళనాడులోని మేల్విషారంలో ఒక కాలేజీ పరిశోధకులు టైగర్ రొయ్య మీద ఇలాంటి పని చేసి 2008లో ప్రచురించారు. బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి మేత ద్వారా ఇచ్చి కూడా చూశారు, కొంత రక్షణ కనిపించింది.

మరి మార్కెట్లోకి రావడానికి అడ్డేంటి? ల్యాబ్‌కీ చెరువుకీ ఉన్న తేడా. వనామీ సాగులో ఎకరానికి లక్ష పైన పిల్లలు వేస్తారు. ఒక్కో రొయ్యకీ ఇంజెక్షన్ చేస్తామా? అవ్వదు కదా. మేతలో కలపాలి. మేతలో కలిపితే అది నీళ్లలో నానుతుంది. నీళ్లలో, రొయ్య పేగులో ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. అవి దాటి, పేగు గోడ దాటి, కణాల్లోకి చాలినంత చేరాలి. పైగా రొయ్య జబ్బు పడగానే మేత మానేస్తుంది. మందు కావలసిన రోజే మందు తినదు. ఇంకా రక్షణ కొన్ని రోజులే ఉంటే మళ్లీ మళ్లీ ఇవ్వాలి. ఆ ఖర్చు రొయ్య ధరలో గిట్టుబాటు కావాలి.

అసాధ్యం అని కాదు. తేనెటీగల కథ చూడండి. తేనెటీగలకి ఇజ్రాయెలీ అక్యూట్ పెరాలిసిస్ వైరస్ అని ఒకటి వస్తుంది. దానికి సరిపోయే డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏని చక్కెర పాకంలో కలిపి తేనెటీగలకి పెట్టారు. అమెరికాలో ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో 160 తేనెపెట్టెల మీద ఈ పరీక్ష చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆర్‌ఎన్‌ఏ తిన్న పెట్టెల్లో ఈగలు ఎక్కువ బతికాయి, తేనె కూడా ఎక్కువ వచ్చింది. అంటే జంతువుల వైరస్ జబ్బు మీద ఆర్‌ఎన్‌ఏఐ ల్యాబ్ దాటి బయట పనిచేయగలదని అప్పుడే చూపించారు. తేడా ఏంటంటే, తేనెటీగ పాకం తాగుతుంది, తన గూట్లో మిగతావాళ్లకి కూడా నోటితో పంచుతుంది. మధ్యలో చెరువు నీళ్లు లేవు.

సో తమ్ముడూ, ఆ ప్యాకెట్ ఆయన్ని మూడు ప్రశ్నలు అడుగు. ఒకటి, ఇందులో ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లో ఏ జీన్ మీద పనిచేస్తుంది? రెండు, నీళ్లలో, పేగులో కరిగిపోకుండా దేనిలో పెట్టి కాపాడారు? మూడు, మందు వేసిన చెరువులనీ, వేయని చెరువులనీ పక్కపక్కన పెట్టి చేసిన పరీక్ష ఫలితాలు ఎక్కడ ఉన్నాయి?

మూడోది అన్నిటికంటే ముఖ్యం. "ఫలానా రైతు వేశాడు, ఆయన చెరువు బాగుంది" అనేది రుజువు కాదు. వైట్ స్పాట్ ప్రతి పంటలో ప్రతి చెరువుకీ రాదు. ఏమీ వేయని చెరువులు కూడా చాలా బాగుంటాయి. పది మందికి పచ్చి గోధుమపిండి అమ్మినా, అందులో కొందరు "మాకు పనిచేసింది" అనే అంటారు.

ఆ అప్పు డబ్బు కంటే బాగా కాపాడేవి బోరింగ్ పనులే. పీసీఆర్ టెస్ట్ చేసిన సీడ్, చెరువు చుట్టూ పీతలు రాకుండా ఫెన్సింగ్, పైన పక్షుల వలలు, నీళ్లు పెట్టే ముందు బ్లీచింగ్. జబ్బు వస్తే ఆ నీళ్లని అలాగే కాలవలోకి వదలకపోవడం. ఎందుకంటే అదే కాలవ నుంచి పక్క రైతు నీళ్లు తోడుకుంటాడు.

ఇప్పుడు మనుషుల సంగతి.

మన కణాల్లో కూడా డైసర్, రిస్క్ ఉన్నాయి. కానీ పురుగుకి ఇచ్చినట్టు పొడవాటి డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ మన కణానికి ఇస్తే గొడవ అవుతుంది. సుమారు 30 జతలు దాటిన ఆర్‌ఎన్‌ఏని చూస్తే మన కణం "వైరస్ వచ్చింది" అని అలారం కొడుతుంది. ఇంటర్‌ఫెరాన్ బయటికి వస్తుంది, కణం వంటగది మొత్తం మూసేస్తుంది. ఒక్క జీన్ ఆపుదామని వెళ్తే ఊరంతా కరెంట్ తీసేసినట్టు అన్నమాట.

2001లో జర్మనీలో థామస్ టుష్ల్ టీమ్ దీనికి దారి కనిపెట్టింది. డైసర్ చేసే పని మనమే ముందు చేసేసి, 21 అక్షరాల ముక్కని నేరుగా ఇస్తే? అలారం మోగలేదు, జీన్ ఆగింది. అక్కడి నుంచి మందుల కంపెనీల పరుగు మొదలైంది.

ఆ పరుగు ఎక్కడ ఆగిందో తెలుసా? మళ్లీ డెలివరీ దగ్గరే. ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏని ఏ కవచం లేకుండా రక్తంలోకి ఎక్కిస్తే నిమిషాల్లో ఎంజైములు నరికేస్తాయి, మిగిలింది కిడ్నీ వడకట్టి మూత్రంలోకి పంపేస్తుంది. ఎలాగో కణం దాకా వెళ్లినా, దాని మీద నిండా నెగటివ్ చార్జ్ ఉంటుంది కాబట్టి కణం పొర లోపలికి రానివ్వదు. నా పాత ఉద్యోగంలో ఒక మాట ఉండేది: "నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోందిగా!" అని. కోడ్ రాయడం ఒక ఎత్తు, కస్టమర్ ఫోన్‌లో అది నడవడం ఇంకో ఎత్తు. ఆర్‌ఎన్‌ఏఐ చరిత్ర మొత్తం ఈ రెండో ఎత్తు గురించే.

రెండు ఉదాహరణలు చెప్తాను.

ఒకటి ఆర్‌ఎస్‌వి. పసిపిల్లల ఊపిరితిత్తులని ఇబ్బంది పెట్టే వైరస్. దీనికి ముక్కులో స్ప్రే చేసే ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ తయారుచేశారు. ఆరోగ్యంగా ఉన్న 88 మంది వాలంటీర్లకి స్ప్రే మొదలుపెట్టాక కావాలనే ఈ వైరస్ ఎక్కించి చూశారు. ఫలితం 2010లో వచ్చింది. ఉత్తుత్తి స్ప్రే తీసుకున్నవాళ్లలో 71.4 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, నిజం స్ప్రే తీసుకున్నవాళ్లలో 44.2 శాతం మందికి. బాగుంది కదా? కానీ తర్వాత ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్న రోగుల్లో చేసిన ట్రయల్ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. అది మందుగా రాలేదు.

రెండోది ఎబోలా. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో ఎబోలా ఎక్కించిన కోతులకి కొవ్వు బుడగల్లో చుట్టిన ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ ఇచ్చారు. 7 డోసులు తీసుకున్న 4 కోతులూ బతికాయి. తర్వాత పశ్చిమ ఆఫ్రికాలో 11,000 మందికి పైగా ప్రాణాలు తీసిన ఎబోలా వచ్చింది. వైరస్ అక్షరాలు కొంచెం మారాయి, మందులో కూడా అక్షరాలు మార్చేశారు. సాఫ్ట్‌వేర్ ప్యాచ్ లాగే! కొత్త మందు కోతుల్లో మళ్లీ పనిచేసింది. కానీ 2015లో సియెర్రా లియోన్‌లో రోగులకి ఇచ్చి చూస్తే, ఆశించిన లాభం కనిపించే అవకాశం లేదని ట్రయల్ ఆపేశారు. చాలామంది రోగులు అప్పటికే ముదిరిన స్థితిలో వచ్చారు. ల్యాబ్‌లో కోతికి వైరస్ ఎప్పుడు ఎక్కిందో గంటతో సహా తెలుసు. ఊళ్లో మనిషికి ఎప్పుడు ఎక్కిందో ఎవరు చూశారు?

ఇన్ని దెబ్బల తర్వాత ఒక్క అవయవం మాత్రం లొంగింది. అదే లివర్.

లివర్ కణాల మీద ఒక రకం చక్కెరని పట్టుకుని లోపలికి లాక్కునే కొక్కేలు ఉంటాయి. ఆ చక్కెర పేరు గాల్‌నాక్. ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏకి ఈ చక్కెరని తగిలిస్తే, లివర్ కణం దాన్ని తనంతట తనే లోపలికి తీసుకుంటుంది. చర్మం కింద ఒక ఇంజెక్షన్ చాలు. 2018లో మొదటి ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ మందు పటిసిరాన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. అది కొవ్వు బుడగల్లో వెళ్తుంది, అదీ లివర్‌కే. తర్వాత వచ్చిన ఇన్‌క్లిసిరాన్ గాల్‌నాక్ రకం. కొలెస్ట్రాల్ తగ్గించడానికి, మొదటి రెండు డోసుల తర్వాత 6 నెలలకి ఒక ఇంజెక్షన్. గమనించండి, ఇవేవీ వైరస్ మందులు కావు. కానీ దారి తెరుచుకుంది. లివర్‌లో కాపురం పెట్టే వైరస్ ఏదైనా ఉంటే, ఆర్‌ఎన్‌ఏఐకి అదే మంచి టార్గెట్.

ఉంది. హెపటైటిస్ బి. చెల్లీ, ఇక నీ ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 25.4 కోట్ల మంది ఈ వైరస్‌తో దీర్ఘకాలంగా బతుకుతున్నారు. మన దేశంలోనే 2.98 కోట్ల మంది. కాబట్టి నువ్వు ఒంటరివి కాదు.

ఈ వైరస్ జీనోమ్ చాలా చిన్నది, సుమారు 3,200 అక్షరాలే. చోటు చాలక జీన్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దాని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలన్నిటికీ తోక భాగం ఒకటే. అంటే ఆ తోకని టార్గెట్ చేస్తే ఒక్క ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏతో అన్ని ఫోటోలూ డిలీట్ చేయొచ్చు. ఇప్పుడు వాడే మాత్రలు వైరస్ కొత్త కాపీలు తీసుకోకుండా ఆపుతాయి. కానీ వైరస్ పై పొర ప్రొటీన్, అదే నీ రిపోర్ట్‌లో ఉన్న హెచ్‌బీఎస్ యాంటిజెన్, మాత్రం తయారవుతూనే ఉంటుంది. అది రక్తంలో వరదలా ఉండటం వల్ల మన ఇమ్యూన్ సిస్టమ్ అలసిపోయి పట్టించుకోవడం మానేస్తుందని అనుకుంటున్నారు. ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ ఆ వరదని తగ్గిస్తే ఇమ్యూన్ సిస్టమ్ మళ్లీ లేస్తుందా? ఇదీ ఆశ.

మొదట పెద్దగా పరీక్షించిన వాటిలో ఏఆర్‌సీ-520 ఒకటి. కొందరిలో హెచ్‌బీఎస్ యాంటిజెన్ బాగా తగ్గింది, కొందరిలో అంతగా తగ్గలేదు. ఎందుకా అని చింపాంజీల్లో వెతికితే ఆశ్చర్యమైన విషయం తెలిసింది. మన నోట్‌బుక్ కథ గుర్తుందా? ఈ వైరస్ తన నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ చింపి మన నోట్‌బుక్‌లో, అంటే మన డీఎన్‌ఏలో, అతికించేస్తుంది. అతికిన పేజీ నుంచి కూడా యాంటిజెన్ ఫోటోలు వస్తున్నాయి. కానీ చింపినప్పుడు తోక భాగం పోయింది. మన మందు వెతికేది ఆ తోకనే! సెర్చ్ పదమే లేకపోతే కంట్రోల్ ఎఫ్ ఏం చేస్తుంది? ఈలోగా దాంతో వాడిన డెలివరీ పదార్థం మీద కోతుల్లో చేసిన అధిక డోసు పరీక్షలో మరణాలు కనిపించాయి. 2016 నవంబర్‌లో ఆ మందు ఆపేశారు.

కానీ ఆ పాఠం వృథా పోలేదు. తర్వాత తరం మందులు అతికిన పేజీలో కూడా ఉండే పదాలని టార్గెట్ చేశాయి, గాల్‌నాక్ వాడాయి. వాటిలో ఒకటి జాల్నెసిరాన్. దాని రెండో దశ ట్రయల్ ఫలితాలు 2024 చివర్లో వచ్చాయి. మందులు ఆపిన 24 వారాల తర్వాత కూడా యాంటిజెన్ కనిపించకుండా పోయినవాళ్లు ఎంతమంది అని చూశారు. రోజూ వేసుకునే మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో ఒక్కరూ లేరు. మాత్రలకి జాల్నెసిరాన్ కలిపితే, డోసుని బట్టి 3 నుంచి 7 శాతం. దానికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు కూడా జోడిస్తే 23 శాతం.

ఈ అంకెని రెండు వైపుల నుంచి చూడాలి. సున్నా నుంచి 23 అంటే నిజంగా పెద్ద అడుగు. అదే సమయంలో 100 మందిలో 77 మందికి ఫలితం రాలేదు. అదీ ఒక్కో గ్రూపులో 30 మంది పైచిలుకే ఉన్న ట్రయల్‌లో, ఇంటర్‌ఫెరాన్ సైడ్ ఎఫెక్ట్‌లు భరించాక.

కారణం మొదట్లో చెప్పిందే. ఆర్‌ఎన్‌ఏఐ ఫోటోలనే డిలీట్ చేస్తుంది. ఈ వైరస్ అసలు నోట్‌బుక్ లివర్ కణం న్యూక్లియస్‌లో గుండ్రటి డీఎన్‌ఏగా కూర్చుని ఉంటుంది. దాని జోలికి ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ వెళ్లదు. మందు ఆపితే మళ్లీ ఫోటోలు రావచ్చు. మిగతా పని ఇమ్యూన్ సిస్టమ్ చేయాలి.

నేను ఈ ఎపిసోడ్ చేస్తున్న సమయానికి, వైరస్ జబ్బు మీద పనిచేసే ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ మందు దేనికీ అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థల అనుమతి లేదు. కాబట్టి ఎవరైనా "మా దగ్గర ఉంది, ఇంత కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకి మన దగ్గర డబ్బు తీసుకోరు. ట్రయల్ మన దేశంలో జరుగుతుంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబర్ ఉండాలి. ఆ నంబర్ అడగండి, మీ డాక్టర్‌కి చూపించండి.

ఇక మాత్రలు. డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా ఆపేస్తే వైరస్ తిరగబడి లివర్ తీవ్రంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ మందు వచ్చే రోజుకి దాన్ని అందుకోవడానికి నీ లివర్ బాగుండాలి. ఆ పని ఈ మాత్రలు చేస్తున్నాయి. ఖర్చు గురించి భయపడకు, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో టెస్టులు, మందులు ఉచితం.

ఇంట్లో అమ్మానాన్నలకి, తోబుట్టువులకి టెస్ట్ చేయించి, నెగటివ్ వచ్చినవాళ్లకి వ్యాక్సిన్ వేయించు. దీనికి మన దగ్గర ఒక మంచి చరిత్ర ఉంది. మన దేశపు మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి వ్యాక్సిన్ 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది, వరప్రసాద్ రెడ్డి గారి కంపెనీ. ఇంకో మాట, ఒకే కంచంలో తిన్నా, పక్కన కూర్చున్నా ఈ వైరస్ అంటుకోదు. ఇంట్లో ఎవరైనా నీకు వేరే గ్లాసు పెడితే ఈ వీడియో పంపించు.

చివరిగా ఒక్క మాట. ఆర్‌ఎన్‌ఏఐ మోసం కాదు, మ్యాజిక్ కూడా కాదు. 21 అక్షరాలు రాయడం మనకి వచ్చేసింది. ఆ అక్షరాలని సరైన కణంలోకి, సరైన టైమ్‌కి, గిట్టుబాటు ధరలో చేర్చడం ఇంకా నేర్చుకుంటున్నాం. తేనెటీగల్లో దారి దొరికింది. లివర్‌లో దొరుకుతోంది. రొయ్యల చెరువులో ఇంకా వెతుకుతున్నారు. సో ఇకపై ఎవరైనా "కొత్త ఆర్‌ఎన్‌ఏ మందు" అంటే, ఏ జీన్‌ని ఆపుతుందో అడగండి, కానీ అక్కడితో ఆగకండి. అది అక్కడిదాకా ఎలా చేరుతుందో అడగండి. అమ్మేవాళ్లు తడబడేది అక్కడే.

తమ్ముడూ, ఈ పంట బాగా రావాలి. చెల్లీ, రేపు పొద్దున మాత్ర వేసుకో. ఇంట్లో చెరువు ఉన్నవాళ్లకి, రిపోర్ట్ చూసి భయపడుతున్నవాళ్లకి ఈ ఎపిసోడ్ షేర్ చేయండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.